తొంభై ఎనిమిది శాతం పరిష్కారం

పురపాలక కార్యాలయంలో ఫిర్యాదుల గుమాస్తాగా నేను ఇరవై ఏళ్లలో ఒక్క కాలువ కూడా బాగుచేయించలేదు. అయినా ఫిర్యాదులు పరిష్కరించడంలో నన్ను మించినవాడు లేడు. ఏది వచ్చినా, ఇచ్చినవాళ్ల పేరైనా చూడకుండా, వారం తిరక్కుండా "పరిష్కరించబడింది" అని రాసి మూసేసేవాణ్ణి. తొంభై ఎనిమిది శాతం పరిష్కారమని ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. సిగ్గులేకుండా ఫ్రేము కట్టించుకున్నాను.

అంతలో కొత్త కమిషనరమ్మ వచ్చింది. మూసేసిన ఫిర్యాదుల జాబితా తెప్పించి, పని నిజంగా జరిగిందో లేదో ఫోన్‌లో కనుక్కోమంది. అందరి ముందూ స్పీకర్ పెట్టించి, మొదటి నంబరుకు ఫోన్ నాచేతే చేయించింది. మురుగుకాలువ పొంగుతోందని మూడుసార్లు ఫిర్యాదు చేసిన నంబరది.

"అమ్మా, మీ సమస్య తీరిందాండీ?"

"ఎవడయ్యా నువ్వు? మురుగునీళ్లు గుమ్మం దాకా వస్తుంటే తీరిందా అంటావా? మా అల్లుడు మీ ఆఫీసులోనే ఉన్నాడు. నీ పని చెప్పిస్తా!"

ఆ గొంతు మా అత్తగారిది. అల్లుణ్ణి ఇబ్బంది పెట్టకూడదని నాకు చెప్పలేదట.

"అత్తయ్యగారూ, నేనేనండీ."

"అయితే మరీ మంచిది బాబూ. వచ్చేటప్పుడు ఓ పార పట్టుకురా."

ఆఫీసంతా గొల్లుమంది. మర్నాడు పనివాళ్లతోపాటు నేనూ మోకాళ్లదాకా బురదలో దిగాను. పూడిక తీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నెల నా పరిష్కారాలు ముప్పై ఒక్క శాతానికి పడిపోయాయి.

పని పూర్తయిందన్న కాగితం మీద అత్తగారు వెంటనే సంతకం పెట్టలేదు. నాచేత రెండు బకెట్ల నీళ్లు పోయించి, అవి సాఫీగా పోయేదాకా నిలబడి చూసి, అప్పుడు పెట్టారు.