అడ్డులేని హక్కు

భద్రాచలం బస్సులో, ఆడవాళ్ల సీట్లో నా పక్కన కూర్చున్న కోయ స్త్రీ, వెనక సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్న మైదానపు రైతును తన మొగుడని చూపించింది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. అందుకే ఈమెను రెండో పెళ్లి చేసుకుని, ఈమె పేరున కొన్నాడు. ఇప్పుడు ఇంకో కోయ మనిషికి అమ్మేందుకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేయించబోతున్నాడని ఆమే చెప్పింది.

"ఆడవాళ్ల పేరున ఆస్తి ఉండాలని సభల్లో చెబుతుంటానమ్మా" అన్నాను.

"ఉన్నది గద మేడం. గందుకే ఇంట్ల ఉంచుకున్నడు. రేపటి సంది ఎందుకుంచుకుంటడు?"

"అయితే వేలిముద్ర వేయకు. చట్టం నీ వైపే ఉంది."

"ఆయన కొడ్తుంటే ఆపనీకి చట్టం మా ఇంటికొస్తదా?"

"ఏందే ముచ్చట్లు? జల్దీ దిగు, ఆఫీసొచ్చింది" అని వెనక నుంచి కేక.

భూమి ఆమె పేరునే ఉన్నా, అతని అమ్మకానికి అడ్డులేదు; అడ్డులేని హక్కు అంటే ఏమిటో అప్పుడు చూశాను. బొటనవేలు కొంగుకు తుడుచుకుంటూ, ఆమె అతని వెనకాలే దిగిపోయింది.