అభ్యంతరాలు సాయంత్రం ఐదు లోపు

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య నాకో జిరాక్స్ షాపుంది. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే నా మెషిన్‌కు జ్వరం వస్తుంది, అది రద్దయితే నాకు వస్తుంది. సాయంత్రం ఐదున్నరకు షట్టర్ దించి, చిక్కడపల్లిలో ఉన్న ఇంటికి పోకుండా నారాయణగూడలోని ఒక సిమెంటు కోర్టుకు పోతాను. అక్కడ పది మంది ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను. కాలేజీ రోజుల్లో నేనూ టీములో ఉండేదాన్ని. ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. అందుకే ఆట బాగా అర్థమైందని మా ఆయన అంటుంటాడు.

మావి నాలుగు టీములు. చిక్కడపల్లి, నారాయణగూడ, రామ్‌నగర్, మా అశోక్ నగర్. ఏటా పోటీలు మొదలయ్యే ముందు పిల్లలందరి పేర్లూ మళ్ళీ ఒకచోట కలిపి, వంతులేసుకుని ఏరుకుంటాం. కిందటేడు ఆఖరున నిలిచినవాళ్ళది మొదటి వంతు. దీన్ని డ్రాఫ్ట్ అంటారని టీవీలో చూసినవాళ్ళు చెప్పారు. మేం మాత్రం ఏరుకునుడు అనే అంటాం. కిందటేడు ఆఖరు రామ్‌నగర్, వాళ్ళకంటే ఒక మెట్టు పైన మేము. అంటే ఈసారి మొదటి పేరు వాళ్ళు పిలుస్తారు, రెండోది మేం పిలుస్తాం. నా గోలంతా ఆ మొదటి పేరు గురించే.

మా టీములో ఒక పొడుగు పిల్ల ఉండేది. పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. గుమ్మం కనబడితే చాలు, తగిలినా తగలకపోయినా తల వంచేది. పొడుగు కనబడితే ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. రెండేళ్ళపాటు ఆమెను సెంటర్ అని పేరు పెట్టి రింగు కింద నిలబెట్టాను. రింగు కింద పనంతా తోపులాట. ఈ పిల్లకేమో ఎవరికైనా మోచెయ్యి తగిలితే ప్రాణం పోయినట్టుండేది. ఆగి, "సారీ" అని చెప్పేది. ఆ సారీ పూర్తయ్యేలోపు బంతి ఎవరో ఎగరేసుకుపోయేవాళ్ళు. "సారీలు ఇంటికి పోయినంక చెప్పుకో, ముందు బంతి పట్టు!" అని నేను అరిస్తే, ఇటు తిరిగి నాకూ సారీ చెప్పేది.

ఒకరోజు ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుపోయి మా గార్డ్ రాలేదు. గార్డ్ అంటే బంతిని నేలకు తట్టుకుంటూ ముందు నడిచి, ఎవరు ఎటు పోతున్నారో కనిపెట్టి అందించే మనిషి. ఎవరూ లేరు గదా అని ఆ పనికి పొడుగుపిల్లను పంపాను. రెండు నిమిషాలకు ఆమె బంతిని ఎవరూ లేని మూలకు విసిరింది. తిట్టడానికి నేను నోరు తెరిచాను. ఇంతలో మా పొట్టిపిల్ల ఉరుకుతూ సరిగ్గా ఆ మూలకే వచ్చి, బంతి పట్టి, రింగులో వేసింది. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. పొడుగు వల్ల ఆమెకు అందరి తలల మీంచి కోర్టంతా కనబడుతోంది. రెండేళ్ళుగా ఆ కళ్ళను రింగు వైపు తిప్పి నిలబెట్టింది నేనే.

మర్నాటి నుంచి ఆమెను గార్డ్‌గా మార్చాను. మొదట్లో నానా తిప్పలు పడింది. తట్టిన ప్రతిసారీ బంతిని చూసుకునేది, తర్వాత సరిగ్గా చేశానా అన్నట్టు నన్ను చూసేది. "నా మొహంల ఏమున్నది? ముందటికి చూడు" అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. నెల తిరిగేసరికి తల ఎత్తింది. గుమ్మాల దగ్గర వంచడం మానిందో లేదో నాకు తెలియదు.

అయితే రామ్‌నగర్ సారు సంగతి చూడాలి కదా. ఆయన రిటైరైన సర్వేయరు. జేబులో స్టీలు టేపు లేకుండా గడప దాటడు. పిల్లల ఆట చూడడు, టేపు తీసి కొలుస్తాడు. అందరికంటే పొడుగున్న పిల్లను మొదట పిలిచి, రింగు కింద పాతేస్తాడు. ఏటా అదే చేస్తాడు, ఏటా ఆఖరున వస్తాడు. ఈ రెండేళ్ళూ మా పిల్లకంటే పొడుగుది ఇంకొకతె ఉండబట్టి ఈమె మాకు దక్కింది, ఇప్పుడు ఆ అమ్మాయి చదువైపోయి వెళ్ళిపోయింది.

ఇక్కడ మేం ప్లానింగ్ ఆఫీసరని పిలుచుకునే పిల్ల గురించి చెప్పాలి. మా షాపు పైన హాస్టల్లో ఉంటుంది. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతోంది, ఇది ఐదో ఏడు. బంతిని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. గాలి కోసం మాతో కోర్టుకు వచ్చి స్కోరు రాసేది. "ప్లానింగ్ లేకుండ ఏరుకుంటే ఆగమైతం అక్కా" అని తనే పూనుకుని, నాలుగు టీముల పిల్లలందరికీ ఒక పట్టిక తయారుచేసింది. ఎత్తు, ఉరుకుడు, హాజరు, అన్నిటికీ మార్కులు. కటాఫ్ పెట్టింది, వెయిటింగ్ లిస్టు కూడా పెట్టింది. పట్టికలో మొదటి పేరు పొడుగుపిల్లది.

ఎంత పొడుగున్నా చేతిలో బంతి నిలవని పిల్లను సారు కూడా పిలవడని నేనో ఎత్తు వేశాను. ఏ పిల్ల ఎంత పొడుగుందో చూసిపోవడానికి ఆయన మా కోర్టుకు వస్తుంటాడు. ఆయన స్కూటర్ సైలెన్సర్ పగిలిపోయింది, వై.ఎం.సి.ఏ. సర్కిల్ దాటకముందే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినగానే ఎవరో ఒకరు "స్కూటర్!" అనేవాళ్ళు. వెంటనే పిల్లలంతా స్థానాలు మార్చేవాళ్ళు. పొడుగుపిల్ల వెనక్కి, రింగు కిందకు పోయి, నేను చెప్పినట్టే వచ్చిన బంతినల్లా జారవిడిచేది. సారు చూసి తల అడ్డంగా ఊపి పోయేవాడు. చప్పుడు దూరమయ్యాక మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ పిల్ల నవ్విందా లేదా అని నేను చూడలేదు.

ఆదివారం ఏరుకునుడు. శుక్రవారం పొద్దున షాపు తెరవడానికి పోతే, గోడ దగ్గర గుంపు. అశోక్ నగర్‌లో ఏ గోడ మీద ఏ లిస్టు కనబడినా జనం ఆగుతారు, అందులో తమ నంబరు వెతుక్కుంటారు. నేనూ తొంగి చూశాను. "అశోక్ నగర్ టీము. తాత్కాలిక ఎంపిక జాబితా. అభ్యంతరాలు ఉన్నచో ఈరోజు సాయంత్రం ఐదు లోపు ఆధారాలతో సమర్పించవలెను." మొదటి వరసలో పొడుగుపిల్ల పేరు. గుంపులో ముందు నిలబడి, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో డైరీలో దించుకుంటున్నది రామ్‌నగర్ సారు.

ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. మా లంకకు నిప్పు పెట్టిన మనిషి మెట్ల మీద కూర్చుని పళ్ళు తోముకుంటోంది.

"ఏం పని జేసినవమ్మా ఇది?" అన్నాను.

"ప్రొవిజనల్ లిస్ట్ అక్కా."

"గోడకెందుకు అతికిచ్చినవ్?"

"అతికియ్యకపోతె ఎట్ల అక్కా? అభ్యంతరాలు తీస్కోకుండ ఫైనల్ జేస్తే అది లిస్టెట్లయితది? రేపు ఎవరన్న కేసేస్తే?"

తిట్టాలని పది మాటలు కూడబెట్టుకున్నాను. కానీ రెండేళ్ళ కింద ఈ పిల్లకు ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. కీలో తప్పున్న ప్రశ్నకు అభ్యంతరం పెట్టాల్సిన తేదీని జ్వరంతో పడుకుని దాటేసింది. ఆ తేదీ అంటే ఆమెకు ఎంత భయమో నాకు తెలుసు. అందుకని ఆమెను వదిలేసి మెషిన్‌ను తిట్టాను.

ఆ కోపంలోనే మధ్యాహ్నం దాకా కాపీలు తీశాను. పొడుగుపిల్ల కూడా వచ్చింది. ఏవో పాత ఫోటోలు ఇచ్చి "ఒక్కొక్క కాపీ అక్కా" అంది. నేను వాటి వంక కూడా చూడకుండా తీసిచ్చేశాను.

ఐదుకు ఇంకా పది నిమిషాలు ఉన్నాయనగా ప్లానింగ్ ఆఫీసరు ఒక కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఒక్కటే వచ్చిందక్కా. ఆధారాలు గూడ జత జేసింది" అంది. 

అది పొడుగుపిల్ల రాసిన అభ్యంతరం. "జాబితాల నా పేరు ముంగట సెంటర్ అని ఉన్నది. అది తప్పు. నేను గార్డ్. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాక అందరు నన్ను వెనకకే పంపిండ్రు. ఆధారాలు పది ఫోటోలు. ముందర నిలబడ్డది ఈ నెల రోజులే. స్కూటర్ వచ్చినప్పుడల్ల మళ్ల వెనకకు పోవుడు నాకు ఇష్టం లేదు. ఏ టీముల పడ్డా మంచిదే, ముందర ఆడనియ్యాలె."

పట్టికను నా పాత రిజిస్టరులోంచి దించినందుకు సెంటర్ అని పడిపోయింది. ఫోటోలు చూశాను. పది తరగతుల ఫోటోలు, పదింట్లోనూ ఆఖరి వరసలో చివరన ఆమె, తల కొంచెం వంచుకుని. ఇందాక నేనే కాపీలు తీసిన ఫోటోలు. నాకు సిగ్గేసింది. సారును మోసం చేశామనుకుని నవ్వుకున్నాం గానీ, ఆ నవ్వు ఖర్చంతా ఈ పిల్లే మోసింది.

"అభ్యంతరం సరైందే అక్కా," అంది ప్లానింగ్ ఆఫీసరు. "కాని గార్డ్ అని దిద్దితె సార్‌కు అంత తెలిసిపోతది. ఇంకో ఉపాయం ఉన్నది. పొరపాటు అయిందని రాసి, పేరు ఆఖరుకు దింపుదాం. సార్ నమ్మితె మనకే మిగులుతది."

"నమ్మకపోతే?"

"దీస్కపోయి రింగు కిందనే నిలబెడతడు."

 ఆ పిల్ల నాకు కావాలి. గెలవాలని కూడా ఉంది, అబద్ధమెందుకు. చివరికి స్కెచ్ పెన్ను తీసుకుని ఫైనల్ లిస్టు నేనే రాశాను. మొదటి పేరు ఆమెదే. పక్కన "గార్డ్" అని పెద్దక్షరాలతో. దాని కింద, "రింగు కింద నిలబెట్టరాదు. నిలబెడితే సారీలు తప్ప పాయింట్లు రావు." దాన్ని నా చేత్తోనే గోడకు అతికించాను.

ఆదివారం సారు మొదటి వంతులో ఆమె పేరే పిలిచాడు. అలవాటు ప్రకారం టేపు తీసి కొలిచాడు కూడా. నేను ఆగలేకపోయాను.

"ఏడ ఆడిస్తరు సార్?"

ఆయన జేబులోంచి నా ఫైనల్ లిస్టు నకలు తీశాడు. "ఇందుల గార్డ్ అని ఉన్నది గదమ్మా. ముప్పై ఏండ్లు సర్కారు నౌకరీ జేసిన. ఫైనల్ లిస్టు మార్చేటందుకు నేనెవల్ని?" అని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో మాట. సైలెన్సర్ మంచిగ జేపిచ్చిన. ఊకె మీ పిల్లల్ని అటిటు ఉరికియ్యకుండ్రి."

మొదటి మ్యాచే మాకూ రామ్‌నగర్‌కూ పడింది. పొడుగుపిల్ల మమ్మల్ని చితక్కొట్టింది. మా పిల్లలు అడ్డం పోతే భుజం తగిలేది, "సారీ" అనేది, కానీ ఆగేది కాదు. సారీ వినబడేసరికి బంతి ఇంకెక్కడో ఉండేది. మ్యాచంతా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూడొద్దని చెప్పింది నేనే అయినా, నాకు కొంచెం ఏడుపొచ్చింది.

అయ్యాక రెండు టీముల్నీ కలిపి ఫోటో తీస్తామన్నారు. ఫోటో తీసే అబ్బాయి చెయ్యి ఊపి, "పొడుగక్కా, నువ్వు వెనకకు" అన్నాడు. ఆమె అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది, ఆగింది. "నేను గార్డ్ అన్నా" అని, ముందు వరసలోకి వచ్చి, బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గార్డ్‌కూ ఫోటోకూ ఏం సంబంధమో అతనికి అర్థం కాలేదు. మా పిల్లలు మాత్రం జరిగి చోటిచ్చారు.

మర్నాడు ఆ ఫోటో పట్టుకుని షాపుకొచ్చింది. "ఒక్క కాపీ అక్కా" అంది. వెనక ఐదుగురు హాల్‌టికెట్లు పట్టుకుని తొందర చేస్తున్నారు. వాళ్ళను ఆగమని చెప్పి, మెషిన్ మూత తెరిచిపెట్టి, ముందు ఫోటో చూశాను.