కూలర్ పెట్టి కిటికీలు మూసిన మా ఇంజనీరు

తమ్ముడూ, నిన్నటి నా పోస్టు కింద నువ్వు రాసింది తప్పు. మా రేకుల గదిని చల్లబరిచింది కొత్త కూలర్ కాదు, రేకుల కింద వేయించిన థర్మాకోల్ సీలింగ్. కూలర్ ఘనకార్యం ఈ రోజు చూశాం.

పురుడు పోసుకున్న మనవరాలు ఎల్లుండి పసిగుడ్డుతో దవాఖాన నుంచి ఆ గదిలోకే వస్తుంది. అందుకని మా కొడుకు రేకులకూ గోడకూ మధ్య సందులన్నీ సిమెంటుతో పూడ్పించాడు. వేడిగాలి, దుమ్ము ఆగాయి, సంతోషం. అంతటితో ఊరుకోక వెంటిలేటర్‌కు అట్ట కొట్టి, ఒక కిటికీకి బయట కూలర్ బిగించి, మిగతా కిటికీలూ తలుపూ మూసి, దాన్ని వేశాడు. అరగంటకు దుప్పటి చెమ్మగిల్లింది, నాకు ఊపిరాడలేదు.

“గిదేందిరా, బాలింతను ఇడ్లీలెక్క ఉడకవెడ్తవా?”

“చల్లగాలి బయటికి పోతదని మూసిన అమ్మా. ఏసీ రూముల గిట్లనే మూస్తరు గద!”

“ఏసీ ఉన్న గాలినే తిప్పుతది. కూలర్ తడిగాలిని లోపలికి నూకుతది. లోపలిది ఎటు పోవాలె, నీ జేబులకా?”

అట్ట పీకించాక పది నిమిషాల్లో గది తేరుకుంది. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను, ఇంట్లో ఒక్కడూ పాసు కాలేదు. మీ ఇళ్లలో ఇలాంటి ఇంజనీర్లు ఎందరున్నారో రాయండి.

తమ్ముడూ, తెరిచిన వెంటిలేటర్‌లోంచి పసిదానిమీదికి దోమలొస్తాయి. రేపు జనగామ నుంచి వచ్చేటప్పుడు సన్నకన్ను దోమల జాలీ ఒక గజం తీసుకురా. ప్లాస్టిక్‌ది వద్దు, ఎండకు పెళుసై చిరుగుతుంది.