ఒంటిగంటకి ఏం చేస్తావు?

ఆ హోటల్లో బట్టలుతికే విభాగానికి ఇంగ్లీషు చెప్పడానికొచ్చినావిడకు పనివాళ్లు పెట్టుకున్న పేరు నిజం టీచరు. ముప్పై ఏళ్లు బళ్లో చెప్పి రిటైరైన మనిషి. వారానికి మూడు సాయంత్రాలు, షిఫ్టు మారే వేళ, దుప్పట్ల బల్ల చుట్టూ పన్నెండు మందిని కూర్చోబెట్టుకునేది. లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తారో ఇంగ్లీషులో చెప్పించేది. పరీక్షలో నెగ్గినవాళ్లకు పై అంతస్తుల్లో తేలికైన పని ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు.

మొదట్లో అందరూ పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పారు. ఆరింటికి లేస్తాను, పాలు తాగుతాను, పార్కులో నడుస్తాను.

"ఏ పార్కమ్మా?" అనేది టీచరు. "షికార్లు కొట్టే కాళ్లేనా అవి? నీ రోజు చెప్పు. లేనిది చెబితే భాష నోట నిలవదు."

"మా రోజు వింటే మీకు అన్నం సయించదు టీచర్," అంది ఇస్త్రీ అక్క. అందరూ పకపకా నవ్వారు.

పదకొండేళ్లుగా ఆవిరి ఇస్త్రీ ముందు నిలబడ్డ మనిషి ఆమె. మోచేతులదాకా కాలిన మచ్చలు, సాయంత్రానికి చెప్పుల్లో పట్టని పాదాలు. ఆ పై అంతస్తు పని దొరక్కపోతే ఇంకో ఏడాదికి మించి నిలబడలేనని ఆమెకు తెలుసు. అందుకే అందరికన్నా పట్టుదలగా నేర్చుకుంది. ఒకరోజు గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పేసింది: ఒంటిగంటకి ఇంటికి పరిగెత్తుతాను. మంచంలో ఉన్న అమ్మకు గుడ్డలు మార్చి అన్నం పెడతాను. గంటలో తిరిగొస్తాను. ఆలోపు మడతల వదిన నా హాజరు కార్డు గీకుతుంది.

తిండికిచ్చే విరామం ఇరవై నిమిషాలే. మిగతా నలభై నిమిషాలూ ఆమె లోపలున్నట్టు చూపేది ఆ గీకుడే. టీచరు అదేమీ పట్టించుకోలేదు. "ఇదీ మాటంటే!" అని చప్పట్లు కొట్టింది. పక్క బల్ల దగ్గర మడతలు పెడుతున్న వదిన, "నా పేరేదో వినబడిందే, తిట్టిందా పొగిడిందా?" అంది. ఆమె క్లాసులో చేరలేదు. ఈ వయసులో నాకెందుకు ఆ గోలంతా అనేది.

పరీక్ష రోజు మేనేజరు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ అక్క వంతు వచ్చింది. పొద్దుటి పనులు చక్కగా చెప్పింది. ఆయన కాగితంలోంచి తలెత్తకుండా, "మరి ఒంటిగంటకి ఏం చేస్తావు?" అని అడిగాడు.

ఆమె ఆగింది. టీచరు వైపు చూసింది. మరిచిపోయిందేమోనని టీచరు కంగారుపడింది. చెప్పు చెప్పు అన్నట్టు తలూపింది.

ఆమె చెప్పింది. ఒక్క తప్పు లేదు. "వెరీ గుడ్," అని మేనేజరు ఏదో రాసుకున్నాడు.

మర్నాడు ఇస్త్రీ అక్కనీ మడతల వదిననీ పనిలోంచి తీసేశారు.

సంగతి తెలిసి టీచరు రొప్పుతూ ఆయన గదికి వెళ్లింది. "అది కల్పించి చెప్పిందండీ, పరీక్ష కోసం."

"మీ దగ్గర కల్పనలు సాగవటగా మేడమ్," అన్నాడాయన నవ్వుతూ, కుర్చీ చూపిస్తూ. "మార్కులు చూడండి, ఫస్టు ఆవిడే. మీ పాఠం భలే పనిచేసింది. కొత్త బ్యాచి ఎప్పుడు మొదలెడదాం?"

గేటు దగ్గర ఇద్దరూ తమ గుడ్డసంచులతో ఎడంగా నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"తలూపింది నేనే తల్లీ, తప్పు నాదే," అంది టీచరు.

"అవును టీచర్," అంది ఇస్త్రీ అక్క. "మీరు ఊపకపోతే ఏదో ఒకటి చెప్పి తప్పుకునేదాన్ని." వాచిన కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

మడతల వదిన మాత్రం కదల్లేదు.

"దానికి వాళ్లమ్మ ఉంది, అమ్మ కోసం పని పోయిందనుకుంటుంది. పంతొమ్మిదేళ్లు దుప్పట్లు మడిచాను టీచర్. మీ క్లాసు గడప కూడా తొక్కలేదు. నా పని దేని కోసం పోయిందో మీరే చెప్పండి, తెలుగులోనే చెప్పండి."

టీచరు ఆమె చేతిలోని గుడ్డసంచి అందుకోబోయింది. వదిన సంచి వెనక్కి లాక్కుంది, జవాబు చెప్పమన్నట్టు చూస్తూ.