కుళాయిలకు కట్టిన చీరముక్కలు

వన్ టౌన్‌లో మా ఇంటి కుళాయిలు చీరలు కట్టుకునేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా అత్తగారు తన పాత నేతచీరలు చింపి, మడతపెట్టి, ఒక్కో కుళాయి మూతికి ఒక్కో ముక్క దారంతో బిగించేవారు. వంటింట్లో ఆకుపచ్చది, పెరట్లో పసుపుది. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గుపొడి డాబా మీది ట్యాంకులోకీ దిగుతుందని ఆవిడ భయం. ఆ గుడ్డలోంచి నీళ్ళు మెత్తగా జారేవి.

బాలింతగా ఉన్న ఆ రోజులు నాకు కలలాగే గుర్తున్నాయి. పాప నెలలు నిండకుండా పుట్టింది. పాలు లాగే ఓపిక లేదు దానికి. నేను పాలు పిండి ఇస్తే అత్తగారు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టేవారు. మధ్యాహ్నం సాంబ్రాణి పొగలో కళ్ళు మూసుకుంటే దూరంగా ఓడ కూత, దగ్గరగా గిన్నె కడుగుతున్న నీళ్ళ సవ్వడి. రెండూ కలిసిపోయి నా మంచం ఎటో తేలిపోతున్నట్టు ఉండేది. పక్కన పాప ఊపిరి మెడకు వెచ్చగా తగిలేది. అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

ఒక ఉదయం పాప గిన్నె అంచున పెదవి కదపలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఏడుపు కూడా లేదు. దాన్ని పొత్తిళ్ళలో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

ఆసుపత్రిలో దాన్ని అద్దాల గదిలో పెట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఇంట్లో పాలు ఎలా పడుతున్నారని డాక్టరమ్మ అడిగితే అత్తగారు కొంచెం గర్వంగానే చెప్పారు.

"గిన్నె, సెంచా మరగబెడతానమ్మా. మరి మళ్ళీ కుళాయి కింద తొలుపుతాను. వట్టి కుళాయి కాదు, గుడ్డ కట్టినాను."

"ఆ గుడ్డ ఎప్పుడు విప్పుతారు?"

"ఇప్పడం ఏటి? సిరిగితే మారుత్తాను."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. ఎప్పుడూ తడిగా ఉండే గుడ్డలో, కడగని ట్యాంకులో, నీళ్ళు నిలిచిపోయిన పైపుల్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురులా పట్టి పెరుగుతాయట. మనలాంటి వాళ్ళకు చాలాసార్లు ఏమీ కాదట. నెలలు నిండని పిల్లకు మాత్రం తడి గిన్నెలో మిగిలిన చుక్కే ముప్పు కావచ్చునట. "దీనివల్లేనని ఖాయంగా చెప్పలేను. కానీ మరగబెట్టిన గిన్నెను మళ్ళీ ఆ నీళ్ళతో కడగొద్దు" అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వరండా బల్ల మీద కూర్చున్నప్పుడు నోటిదాకా ఎంత మాట వచ్చిందో నాకే తెలుసు. అత్తగారు నావైపు చూడకుండా తనలో తను చెప్పుకుంటున్నారు.

"మా ఊర్లో నూతి నీళ్ళు గుడ్డలోనే వడగట్టీవోళ్ళం. వడగట్టగానే పిండీసి ఎండలో ఆరేసీవోళ్ళం. ఇక్కడ కట్టీసి వదిలీసినాను."

ఆ ముఖం చూశాక లేచి అద్దాల గది దగ్గరికి వెళ్ళిపోయాను. కోపం మాత్రం పోలేదు, అబద్ధం ఎందుకు. అద్దం అవతల పాప పొట్ట ఎగసి పడుతుంటే లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయేదాన్ని. పగలు ఎప్పుడు అయిపోతోందో తెలిసేది కాదు. ఆ గదిలోని నీలి వెలుగులో అది నీళ్ళ అడుగున నిద్రపోతున్నట్టు కనిపించేది. లేచి నా దగ్గరికి రావే తల్లీ అని లోలోపల బతిమాలుకునేదాన్ని.

చివరికి లేచింది. కళ్ళు తెరిచి, నన్ను చూసి, గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మేం ఇంటికి వచ్చేసరికి మా ఆయన ట్యాంకు కడిగించి ఉంచారు. చీరముక్కలన్నీ అత్తగారే విప్పి పారేశారట. గిన్నె మరగబెట్టడం, ఆరబెట్టడం ఇప్పుడు నా పని. ఆవిడ మాత్రం పాప ఉన్న గదిలోకి రావడం మానేశారు. గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం పాప రాగం ఎత్తింది. నాకు జడ సగంలో ఉంది.

"ఎత్తుకో అత్తా" అన్నాను.

ఆవిడ గుమ్మం దాటలేదు. "సబ్బెట్టి కడుక్కున్నాను. ముట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగారు.

జడ అలాగే వదిలేసి లేచాను. పాపను తీసుకెళ్ళి, ఆవిడను గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఒళ్ళో పడుకోబెట్టాను. పాప ఏడుపు ఆపింది. ఆవిడ చేతులు మాత్రం దాన్ని తాకకుండా చెరో పక్కా గాల్లోనే ఉండిపోయాయి.