కోట గోడ మీద మూడు రాళ్లు

బెళుగుప్ప చుట్టుపక్కల కొర్రలు, సజ్జలు పండించే ఆడవాళ్ల సంఘానికి నేను జీతం లేని దుబాసీని. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక వాళ్లే ఇంటికొచ్చి, "టీచరమ్మా, మాకు నోరు నువ్వే" అన్నారు. ఇంగ్లండులో ఒక మహిళా బృందం మా పంటలూ వంటలూ చూడాలని పిలిస్తే, వాళ్లతో పాటు నేనూ విమానమెక్కాను.

బయలుదేరే ముందురోజు తమ్ముడొచ్చాడు. సాగనంపడానికి కాదు, నా స్థలం సంగతి తేల్చుకోవడానికి. ఊరి చివర రోడ్డు పక్కన నాయన నాకని వదిలిన జాగా అది. నేను పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా అద్దె ఇళ్లలోనే గడిచింది.

"ఒంటి మనిషికి ఇల్లెందుకక్కా? మా ఇంట్లో ఒక గది ఉండాది గదా, వచ్చి ఉండు. ఆ జాగాలో నేను గొర్లదొడ్డి వేసుకుంటా" అన్నాడు.

తిరిగొచ్చాక చూద్దామన్నాను. అలా నీళ్లు నమిలినందుకు విమానంలో కూర్చున్నంతసేపూ నా మీద నాకే ఒళ్లు మండింది. ఒంటి మనిషికి ఎండ తగలదా? మీ ఇంటికి ఎవరొస్తారు, ఎందుకొస్తారు అని అద్దె ఇంటివాళ్లు నన్నడిగిన ప్రశ్నలు వాడినెవరైనా అడిగారా?

అక్కడ ఒకరోజు మమ్మల్ని పాత కోట చూడటానికి తీసుకెళ్లారు. సన్నగా తుంపర పడుతోంది. కోట చుట్టూ కందకం, నిండా నీళ్లు. మాలో అందరికన్నా పెద్దది, మడకశిర సంఘం తరఫున మాతో వచ్చిన అవ్వ. గొర్రెలు కాస్తూనే రాగులు పండిస్తుంది. ఆమె కందకం దగ్గర ఆగిపోయింది.

"ఈ నీళ్లు దేనికి టీచరమ్మా?"

"శత్రువులు లోపలికి రాకుండా, అవ్వా."

"నీళ్లుంటే జనం వస్తారు గానీ, రాకుండా యాడికి పోతారు?" అంది అవ్వ. అందరం పగలబడి నవ్వాం.

కోట చూపించే గైడమ్మ తెల్లజుట్టు మనిషి. రాజు పడుకున్న గది, రాజు భోంచేసిన గది, రాజు వేటకుక్కల గది. ఆమె ఒక్కో గదీ చూపిస్తుంటే నేను తెలుగులో చెబుతూ పోయాను. "కుక్కలకూ ఒక గదా!" అని ఎవరో ఆశ్చర్యపోయారు. నాకు తమ్ముడు ఇస్తానన్న గది గుర్తొచ్చింది.

చివర్లో బురుజు మీదికి ఎక్కాం. పైన గోడలు కూలి, రాళ్లు చెదిరి పడి ఉన్నాయి. అవ్వ వంగి ఒక రాయి తీసి మొండిగోడ మీద పెట్టింది. దాని మీద ఇంకోటి పెట్టింది. మా వైపు దేవుడి కొండ ఎక్కితే దారి పక్కన రాయి మీద రాయి పేర్చి, సొంతిల్లు కావాలని మొక్కుకుంటారు. ఎత్తయిన చోటు, కాళ్ల దగ్గర రాళ్లు. ఇంక మావాళ్ల చేతులు ఊరుకుంటాయా? అందరూ పేర్చడం మొదలుపెట్టారు.

"నువ్వూ పేర్చు టీచరమ్మా. ఇల్లు లేనిది నీకే గదా" అంది అవ్వ.

మూడు రాళ్లు పేర్చాను. కళ్లు మూసుకుని అడిగాను. నా తలుపు, నా గడియ, నేను తీస్తేనే తెరుచుకోవాలి.

గైడమ్మ పరుగున వచ్చింది. ఇక్కడి ప్రతి రాయీ చరిత్రేనని, కదల్చకూడదని, ఎక్కడివక్కడ పెట్టేయమని మర్యాదగానే చెప్పింది. మావాళ్లు నాలుక కరుచుకుని రాళ్లు దించేశారు. అవ్వకు మాత్రం కోపమొచ్చింది.

"ఇంత ఇల్లు కట్టుకున్నోనికి మన నాలుగు రాళ్లు అడ్డమైనాయా? అడుగు టీచరమ్మా!"

నేనది అడగలేదు. "రాళ్లు మీవి, ఎక్కడివక్కడే పెడతాం. కోరిక మాది, దాన్ని దించం" అని ఇంగ్లీషులో చెప్పాను. గైడమ్మ నా మొహంలోకి చూసి సరేనంది. బడిలో అన్నేళ్లు పాఠం చెప్పినా, ఆ భాషలో నా కోసం నేను మాట్లాడింది అదే మొదటిసారి.

ఊరికొచ్చిన మర్నాడే నా జాగాలో మూడు రాళ్లు పేర్చాను. దొడ్డి చుట్టూ వేయడానికి ముళ్లకంప తోలుకొచ్చిన తమ్ముడు వాటిని కాలితో తన్నాడు. మళ్లీ పేర్చాను. మళ్లీ తన్నాడు. ఇంగ్లండు పోయొచ్చి టీచరమ్మకు మతి చెడిందని ఊళ్లో నవ్వుకున్నారు. ఇక రాళ్లు పేర్చలేదు. మేస్త్రీని పిలిచి పునాది తవ్వించాను.

ఆ పొద్దు సంఘం ఆడవాళ్లు ట్రాక్టరెక్కి వచ్చారు. అవ్వ మడకశిర నుంచి బస్సులు మారి వచ్చింది. ఒక్కొక్కరూ తమ చేనిలోంచి ఒక్కో రాయి తెచ్చి పునాదిలో వేసి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. తమ్ముడు దూరంగా నిలబడి చూసి, కంప వెనక్కి తోలుకుపోయాడు.

ఇల్లు పూర్తయి నేను అందులో చేరిన రోజు వాడు వచ్చి గడప బయటే ఆగాడు.

"ఒక్క మాటన్నా అడక్కుండా కట్టినావే అక్కా."

"అడిగినాలేప్పా. రాజు కోట ఎక్కి, రాళ్లు పేర్చి మరీ అడిగినా. నిన్ను మాత్రం అడగల్యా. లోపలికి రా, పాయసం తిని పో."