అయిదో అంతస్తుకి మంచినీళ్లు

ఎనభైల్లో అమలాపురంలో అయిదంతస్తుల మేడంటే మాటలు కాదు. జనం సైకిళ్లు ఆపి మరీ మెడలు వెనక్కి వాల్చి చూసేవారు. అది ఒక సహకార సంఘం ఆఫీసు. కాంట్రాక్టు మా అక్క భర్తది, సైటు చూసుకునే ఇంజనీరు ఉద్యోగం నాది. బావగారి కింద ఉద్యోగం పగవాడికి కూడా వద్దని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

ప్లాను గీసిన పెద్ద ఇంజనీరు గారు కాకినాడ నుంచి వచ్చేవారు. ఆయన పట్టుదలలు ఆయనవి. ఏసీ మిషన్లు అక్కర్లేకుండా సముద్రపు గాలి ప్రతి గదిలోంచీ పోవాలి, సిమెంటు తక్కువ పట్టాలి, మనవల కాలం దాకా రిపేరు రాకూడదు. అందుకని స్లాబు ఇనుప ఊచల మధ్య మంగుళూరు పెంకులు పేర్చి, వాటి మీద కాంక్రీటు పోయించేవారు. పెంకు ఉన్నంత మేరా సిమెంటు మిగిలేది, గదిలోకి వేడి దిగేది కాదు. "పెంకులు కప్పు మీద వేస్తారు గానీ కప్పులో వేస్తారేంటండీ?" అని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. మిట్టమధ్యాహ్నం నాలుగో అంతస్తులో నిలబడి చూశాక నోరు మూసుకున్నాను.

ఆయన వచ్చినప్పుడల్లా ఒకటే హెచ్చరిక. "ఉప్పు మాత్రం తగలనివ్వకండి. ఇది పల్చటి స్లాబు. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బిందంటే పెచ్చులూడి కింద కూర్చున్నవాడి నెత్తిన పడతాయి."

అయిదో స్లాబు సరిగ్గా కాలువలు కట్టేసిన రోజుల్లో వచ్చిపడింది. ఏటా వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు. ఆ లోపలే మా వాళ్లు ఇళ్లలో సిమెంటు గాబులు నింపుకుంటారు, మళ్లీ కాలువ వదిలేదాకా తాగేవి ఆ నీళ్లే. సైటులోనూ తొట్లు నింపి పెట్టాం. కానీ పెంకుల్ని నానబెట్టకుండా పరిస్తే కాంక్రీటులో తడంతా లాగేసుకుంటాయి. ఆ ఎండలకు మాడి ఉన్న పెంకులు తొట్లకు తొట్లు తాగేశాయి. అంత తాగుతాయని ఎవరమూ అనుకోలేదు.

స్లాబు రోజు పొద్దున్నే పాస్టరు గారు పైకెక్కి ప్రార్థన చేసి దిగారు. కాంక్రీటు కలిపే మిక్చరు మొదలైంది. సగం పైగా పోశాక చూద్దును కదా, తొట్ల అడుగు కనబడుతోంది. స్లాబు మొదలుపెట్టాక ఆపకూడదు. ఆపిన చోట అతుకు పడుతుంది, వర్షాకాలంలో అక్కడే కారుతుంది.

బావగారు నాతో ఒక్క మాటైనా అనకుండా నీళ్లకు ట్యాంకరు పంపించారు. అది ఇట్టే తిరిగొచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. కాంక్రీటు మళ్లీ పడుతుంటే నేను ట్యాంకరు నుంచి పైకి నీళ్లు తోడుతున్న గొట్టం కింద మొహం కడుక్కున్నాను. పెదాలు ఉప్పగా తగిలాయి. చెమట అనుకున్నాను. దోసిలి పట్టి తాగాను. గొంతు దిగలేదు. మంచినీళ్ల కోసం ఎగువకు రావులపాలెం దాకా పోవాల్సిన ట్యాంకరు, దగ్గరుంది కదా అని వైనతేయ ఏటి రేవులో, అదీ సముద్రం పోటు మీదున్న వేళ, నింపుకుని వచ్చింది. ఆ నీళ్లతో కలిపిన కాంక్రీటు అప్పటికే ఒక మూల పడిపోయింది.

"ఆపండి!" అని అరిచాను. మిక్చరు ఆగింది. బావగారు మెట్లెక్కి వచ్చేశారు.

"ఎవరాపమన్నారు?"

"నేనే బావగారూ. ఉప్పునీళ్లండి ఇవి."

"కాస్త ఉప్పదనం, అంతే కదా. దానికేం కాదు. ఆ నీళ్లతోనే కట్టిన ఏటిగట్టు మీద ఇళ్లన్నీ కూలిపోయేయేంటి?"

"ఆ పాత ఇళ్లలో ఊచలు లేవండి. ఇందులో ఉన్నాయి. పోసిన మూల గట్టిపడకముందే గీకించేయాలండి."

"గీకించేసి? మిగతాది నోట్లో నీళ్లు ఊసి పోస్తావా? నా స్లాబు గీకించడానికి నువ్వెవడివోయ్? దిగు కిందకి. రేపట్నుంచి రానక్కర్లేదు."

నేను దిగలేదు. పొయ్యాల్సిన చోట ఊచల మీద కూలబడ్డాను. పనివాళ్లు కాంక్రీటు మోసే గమేళాలు పట్టుకుని నిలబడిపోయారు. మేస్త్రీ ఆ మూల కాంక్రీటును వేలితో నొక్కి చూసి, నా వైపు చూశాడు. గట్టిపడుతోంది.

స్లాబు రోజు పనివాళ్లకి భోజనం కాంట్రాక్టరు గారింటి నుంచే. మా అక్క రిక్షాలో పలావు గిన్నెలతో వచ్చి, మిక్చరు చప్పుడు లేకపోవడంతో పైకెక్కింది. జరిగింది చెప్పాను. బావగారన్న మాటలతో సహా చెప్పాను. గొట్టం దగ్గర వేలు తడిపి నాలిక మీద పెట్టుకుని, ఊసేసింది. ఆయన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దిగి వెళ్లిపోయింది. మొగుడి మాటకి ఎదురు చెప్పలేక వెళ్లిపోయిందనుకున్నాను. ఆ ఎండలో నాకంటూ ఎవరూ లేరనిపించింది.

కాసేపటికి కింద రిక్షా బెల్లులు. వంగి చూస్తే రిక్షాల నిండా డ్రమ్ములు, బిందెలు. అక్క మళ్లీ పైకొచ్చింది.

"ఇన్ని నీళ్లెక్కడివే?" అన్నారు బావగారు.

"మన గాబులోవండి. మీ అమ్మగారి గాబులోవీ, పక్కింటి వదినగారివీ కూడా ఎత్తించేసేను. ఇంకా వస్తన్నాయి."

"మరి ఇంట్లో తాగడానికో?"

"మీ ట్యాంకరు ఉందిగా అండీ. పిల్లలకి ఆ నీళ్లే పోస్తాను. కాస్త ఉప్పదనం, అంతే. దానికేం కాదన్నారంట కదా?"

బావగారు చొక్కా విప్పి పక్కన పడేసి, ఆ మూలకి వెళ్లి, మేస్త్రీ చేతిలోంచి పార లాక్కున్నారు. ఆయన గీకుతుంటే నేను గమేళా పట్టాను.